పురుడు నెలల్లో భర్త చుట్టమైపోకూడదు: మొదటి కాన్పుకి ముందు భార్యాభర్తలు తేల్చుకోవాల్సిన విషయాలు

మీ ప్రశ్న ఇదీ: పెళ్ళయి నాలుగేళ్ళు, మీ ఆవిడకి ఏడో నెల. ఇద్దరూ ఐటీ ఉద్యోగులు, కొండాపూర్‌లో కాపురం. మూడు వారాల్లో శ్రీమంతం. తర్వాత ఆవిడ ఖమ్మంలో పుట్టింటికి వెళ్ళి, బిడ్డకి ఐదో నెల వచ్చాక తిరిగి వస్తుంది. ఇప్పటిదాకా మీ ఇద్దరి మధ్యా ఏ గొడవా లేదు. కానీ మీ స్నేహితుల్లో ఇద్దరు, పిల్లలు పుట్టాక భార్యతో మాటలే తగ్గిపోయాయని చెప్పారు. మీకు అలా కాకుండా ఇప్పటినుంచే ఏం చేయాలి అని అడిగారు.

నేను పదకొండేళ్ళు కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. తర్వాత కౌన్సెలింగ్ చదువుకుని పదమూడేళ్ళుగా తార్నాకలో కాబోయే తల్లిదండ్రులతో, కొత్తగా తల్లిదండ్రులైన వాళ్ళతో మాట్లాడుతున్నాను. నేను చూసినదాన్ని బట్టి సూటిగా చెప్తాను. బిడ్డ పుట్టిన మొదటి మూడు నెలల్లో మీరు చుట్టంలా మిగిలిపోకుండా చూసుకోండి. మీ ఆవిడ బిడ్డని చూసుకోవడం నేర్చుకుంటున్న రోజుల్లోనే మీరూ నేర్చుకోవాలి. ఆ ఏర్పాటు శ్రీమంతం లోపే జరగాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇప్పుడు బాగున్నాం కాబట్టి తర్వాతా బాగుంటాం అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 1957లో అమెరికాలో లెమాస్టర్స్ అనే సామాజికశాస్త్రవేత్త 46 జంటలతో మాట్లాడితే, 38 జంటలకి మొదటి బిడ్డ రాక పెద్ద సంక్షోభంలాగే అనిపించిందని తేలింది. వాళ్ళలో ఎక్కువమంది బిడ్డ కావాలని కోరుకున్నవాళ్ళే, కాపురం బాగున్నవాళ్ళే. ప్రేమ ఉన్నా, రాత్రి మూడింటికి బిడ్డ ఏడిస్తే ఎవరు లేవాలన్నది తేలకపోతే ఆ ప్రేమ మీదే భారం పడుతుంది.

మన దగ్గర దానికి ఇంకొకటి తోడవుతుంది. పురిటికి పుట్టింటికి పంపడం మంచి ఆచారమే. కన్నతల్లి దగ్గర బాలింతకి దొరికే విశ్రాంతి, తిండి, ధైర్యం ఇంకెక్కడా దొరకవు. దాన్ని వద్దనమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆ ఇంట్లో అల్లుడి స్థానం ఏమిటో ఒకసారి చూడండి. శనివారం వస్తాడు. కాఫీ ఇస్తారు, కూర్చోబెడతారు, కూరలు ఎక్కువ చేస్తారు. హాల్లో మంచం వేస్తారు. బిడ్డ, తల్లి, అమ్మమ్మ లోపలి గదిలో. పావుగంట బిడ్డని చేతికిచ్చి, ఏడవగానే తీసేసుకుంటారు. ఆదివారం సాయంత్రం బస్సెక్కుతాడు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు. అయినా ఐదు నెలల తర్వాత ఆ ఇంట్లో బిడ్డ గురించి ఏమీ తెలియనివాడు అతనొక్కడే.

కొన్నేళ్ళ క్రితం మియాపూర్ నుంచి ఒక జంట వచ్చారు. బాబుకి పదకొండో నెల. ఆవిడ ఐదు నెలలు రాజమండ్రిలో ఉండి వచ్చింది. ఆయన రెండు వారాలకోసారి వెళ్ళేవాడు. హైదరాబాద్ వచ్చాక బాబు ఆయన ఎత్తుకుంటే ఏడ్చేవాడు. ఆవిడ "నీకు తెలీదులే, ఇటివ్వు" అని తీసుకునేది. రోజుకి పదిసార్లు ఆ మాట విన్న మనిషి కొన్నాళ్ళకి చేయి చాపడమే మానేశాడు. ఆఫీసులో ఆలస్యం మొదలైంది. ఆవిడకేమో అన్నీ తన నెత్తినే పడ్డాయన్న కోపం. ఆయన నాతో ఒక్క మాట అన్నాడు: "మేడమ్, మా ఇంట్లో నేను పీజీలో ఉన్నట్టున్నాను." వాళ్ళకి నేను చెప్పింది చిన్న పనే. రోజూ సాయంత్రం స్నానం పూర్తిగా తండ్రిది. ఆదివారం ఉదయం రెండు గంటలు ఆవిడ ఇంట్లోనే ఉండకూడదు. మొదటి రెండు వారాలు బాబు బాగా ఏడ్చాడు, ఆవిడ కింద పార్కులో కూర్చుని తనూ ఏడ్చింది. ఆరో వారానికి ఆ స్నానం వేళ బాబు తండ్రి కోసం ఎదురుచూసేవాడు. ఆ తర్వాతే వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు కోపం లేకుండా మాట్లాడుకోగలిగారు.

నా విషయమూ చెప్తాను. మా పెద్దమ్మాయి నల్గొండలో పుట్టింది. మావారు పాపని ఎత్తుకోబోతే మా అమ్మ "మెడ నిలవలేదు, మీకు రాదు" అనేది. నేను నర్సుని. మెడ కింద చేయి ఎలా పెట్టాలో ఒక నిమిషంలో చూపించగలను. కానీ అమ్మకి ఎదురుచెప్పడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఆయన వెనక్కి తగ్గారు. ఆ దూరం తగ్గడానికి మాకు రెండేళ్ళు పట్టింది. అందుకే ఇది మీ ఆవిడ కూడా చదవాలని నా కోరిక. తల్లి పక్కకి జరిగి చోటిస్తేనే తండ్రి దగ్గరికి రాగలడు.

ముందు సెలవుల లెక్క చూసుకోండి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఉంది. అందులో కాన్పుకి ముందు 8 వారాలకి మించి వాడుకోకూడదు. మీ ఆవిడ నాలుగు వారాల ముందు సెలవు పెట్టిందనుకోండి, కాన్పు తర్వాత మిగిలేది 22 వారాలు, అంటే దాదాపు ఐదు నెలలు. బిడ్డకి ఐదో నెల వచ్చాక హైదరాబాద్ వస్తే చేతిలో ఇంకో నాలుగు వారాలుంటాయి. ఆ నాలుగు వారాల్లోనే బిడ్డకి కొత్త ఇల్లు, కొత్త గాలి అలవాటవాలి. ఆయానో డే కేరో కుదరాలి. ఆఫీసు వేళలకి పాలు తీసిపెట్టడం అలవాటవాలి. అమ్మమ్మ చేయి లేకుండా మీరిద్దరూ నెట్టుకురావడం నేర్చుకోవాలి. నా దగ్గరికి వచ్చే గొడవల్లో చాలావాటికి మొదలు ఈ నాలుగు వారాలే.

అందుకని నా సలహా: మూడో నెల పూర్తి కాకముందే తీసుకురండి. కుదిరితే అత్తగారినీ ఒక నెల మీతో ఉండమనండి. లేదా కాన్పే ఇక్కడ పెట్టుకుని అత్తగారే కొండాపూర్ వస్తారేమో అడగండి. ఈ మధ్య చాలామంది అలాగే చేస్తున్నారు. పెద్దవాళ్ళు బేసి నెల, మంచిరోజు చూస్తారు. మూడో నెల బేసే కాబట్టి ఆ మాట మీకు సాయమే చేస్తుంది.

మీ సెలవు సంగతి. ప్రైవేటు కంపెనీలో తండ్రికి సెలవు ఇవ్వాలన్న చట్టం లేదు. కానీ చాలా ఐటీ కంపెనీలు ఎంతో కొంత ఇస్తున్నాయి. ఎన్ని రోజులు, ఎన్ని నెలల్లోపు వాడుకోవాలి, రెండు విడతలుగా తీసుకోవచ్చా అని మీ హెచ్‌ఆర్‌ని ఈ వారమే అడగండి. రెండు విడతలు కుదిరితే మొత్తం కాన్పప్పుడే ఖర్చు చేయకండి. అప్పుడు ఇల్లంతా జనం ఉంటారు. సగం దాచుకుని, బిడ్డ హైదరాబాద్ వచ్చిన మొదటి వారానికి పెట్టుకోండి. ఇది చదివే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులుంటే, మీకు 15 రోజులుంటాయి, బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవాలి.

ఖమ్మం నాలుగైదు గంటల ప్రయాణమే. వారం వారం వెళ్ళండి. వెళ్ళినప్పుడు హాల్లో కాదు, బిడ్డ ఉన్న గదిలోనే పడుకోండి. దీనికి మీ అత్తగారు ఇబ్బంది పడొచ్చు. ఆ మాట మీ ఆవిడ ముందే వాళ్ళమ్మతో చెప్పాలి: "శనివారం రాత్రి ఆయన చూసుకుంటారమ్మా, నువ్వు పడుకో." ఇలా చెబితే ఎవరికీ నొప్పి ఉండదు. పైగా వారమంతా నిద్ర లేని అమ్మమ్మకి ఒక రాత్రి విశ్రాంతి దొరుకుతుంది.

రాత్రి పని పంచుకోవడం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే గొడవలు పగలు జరిగినా వాటి వేర్లు రాత్రిలోనే ఉంటాయి. పుట్టిన బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. అంటే రెండు మూడు గంటలకోసారి. ఒక్కోసారి తాగడానికే అరగంట పడుతుంది. తర్వాత భుజం మీద వేసుకుని తేన్పు తెప్పించాలి, తడి మార్చాలి, మళ్ళీ నిద్రపుచ్చాలి. ఇవన్నీ అయ్యేసరికి ఇంకో గంటన్నరలో మళ్ళీ ఆకలి. "పాలిచ్చేది తనే కదా, నేను లేచి ఏం చేయాలి?" అని చాలామంది మగవాళ్ళు నన్ను అడుగుతారు. మనసులో చెడు లేకుండానే అడుగుతారు. పాలివ్వడం తప్ప మిగతా అంతా మీరు చేయగలిగిందే. బిడ్డని తెచ్చి ఇవ్వడం, ఆవిడకి మంచినీళ్ళు ఇవ్వడం, తాగాక తీసుకుని తేన్పు తెప్పించి పడుకోబెట్టడం. ఒక్కోసారి ఆవిడకి ముప్పావుగంట నిద్ర మిగులుతుంది. సిజేరియన్ అయితే ఆ కుట్లతో మంచం దిగి ఎక్కడమే పెద్ద కష్టం, అప్పుడు మీ సాయం ఇంకా అవసరం.

పాలు బాగా కుదురుకున్నాక, డాక్టర్‌ని అడిగి, తీసిపెట్టిన పాలు మీరు ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. తీసిన పాలు 25 డిగ్రీలు, అంతకన్నా చల్లగా ఉన్న గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఉంటాయి. హైదరాబాద్ ఎండాకాలంలో ఏసీ లేని గది అంత చల్లగా ఉండదు కాబట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఇంకో జాగ్రత్త: నిద్రమత్తులో బిడ్డని గుండెల మీద వేసుకుని సోఫాలో వాలిపోకండి. అది ప్రమాదం. బిడ్డని ఎప్పుడూ వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి.

మీలో ఎవరికైనా అమెరికా షిఫ్టు ఉంటే దాన్నే వాడుకోండి. గచ్చిబౌలిలో పనిచేసే ఒకాయన రాత్రి ఒంటిగంటకి లాగౌట్ చేసేవాడు. ఒంటిగంట నుంచి నాలుగు దాకా పాప ఆయనది, తర్వాత ఆవిడది. తొమ్మిదికి పడుకున్న ఆవిడకి ఒక పాల విరామం పోను మంచి నిద్రే దొరికేది. ఎన్ని గంటలు ఎవరివి అన్నది ఇంటింటికీ మారుతుంది. కానీ ముందుగా అనుకుని ఉండాలి. రాత్రి మూడింటికి ఏడుస్తున్న బిడ్డ పక్కన నిలబడి చర్చించుకునే విషయం కాదిది.

పెద్దవాళ్ళతో ఎవరు మాట్లాడాలి? ఎవరి తల్లితో వాళ్ళు. మీ అమ్మతో మీరు, వాళ్ళమ్మతో ఆవిడ. దీనికి మినహాయింపు పెట్టుకోకండి. పేరు మావైపా మీవైపా, బారసాల పదకొండో రోజా ఇరవై ఒకటో రోజా, ఖమ్మంలోనా ఇక్కడా, కాటుక పెట్టాలా, నీళ్ళు పోసేటప్పుడు ముక్కు నొక్కాలా, సాంబ్రాణి పొగ ఎంత వేయాలి, ఇలా వందుంటాయి. కొన్ని ఊరుకోవచ్చు. కొన్ని ఊరుకోకూడదు. ఏడాది లోపు బిడ్డ నాలుకకి తేనె రాయడం ప్రమాదం, దానివల్ల బోట్యులిజం అనే జబ్బు రావచ్చు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అవసరం లేదు. పొగ చిన్న ఊపిరితిత్తులకి పడదు. దిష్టి తీయడం, చేతికి నల్లపూసలు, బాలింత తినే కాయం, వీటితో యుద్ధం అక్కర్లేదు. ఏవి వదిలేయొచ్చో ఏవి వదలకూడదో మీరిద్దరూ ముందే ఒక మాట మీద ఉండండి. కోడలు అత్తగారిని "తేనె వద్దు" అంటే అది అవమానం అవుతుంది. అదే కొడుకు "అమ్మా, డాక్టర్ గట్టిగా చెప్పారు, నేనే వద్దంటున్నాను" అంటే అక్కడితో సరిపోతుంది. మీ అమ్మ ముందు మీరు మౌనంగా కూర్చున్న ఆ అయిదు నిమిషాలు మీ ఆవిడకి ఏళ్ళ తరబడి గుర్తుంటాయి. ఇది నేను ఎంతోమంది నోట విన్నాను.

డబ్బు గురించి రెండు మాటలే. సంపాదించే ఆడపిల్లకి మొదటిసారి "డైపర్లకి డబ్బు వెయ్యి" అని అడగాల్సి రావడం లోపల గుచ్చుతుంది. సెలవు పొడిగిస్తే జీతం ఆగుతుంది, ఈఎంఐ ఆగదు. ఇంటి ఖర్చుకి ఒక ఉమ్మడి ఖాతా పెట్టి, ఎవరినీ అడగకుండా ఇద్దరూ వాడుకునేలా ఇప్పుడే సర్దుకోండి.

దాంపత్యం సంగతి మీరు అడగలేదు, చాలామంది అడగరు. కానీ చెప్పాలి. మామూలుగా ఆరు వారాలు ఆగి, డాక్టర్ చూశాకే కలవమంటారు. ఆరు వారాలు కాగానే అంతా మునుపటిలా ఉంటుందని అనుకోకండి. పాలిచ్చే రోజుల్లో హార్మోన్ల వల్ల యోని పొడిగా ఉంటుంది, నొప్పి ఉంటుంది, కోరికా తగ్గుతుంది. రోజంతా ఒళ్ళో బిడ్డ ఉన్న మనిషికి రాత్రి ఎవరూ తాకకుండా ఉంటే చాలనిపించవచ్చు. అది మీరంటే ఇష్టం లేకపోవడం కాదు. దగ్గరితనం వేరు, కలవడం వేరు. తల నిమరడం, కాళ్ళు నొక్కడం, పక్కన కూర్చోవడం అప్పుడూ ఉండాలి, ఇంకేదో ఆశించకుండా ఉండాలి. ఇంకొకటి, నెలసరి రాకముందే గర్భం వచ్చే అవకాశం ఉంది. కాబట్టి గర్భనిరోధం గురించి కాన్పుకి ముందే డాక్టర్‌తో మాట్లాడండి. కాన్పయిన 48 గంటల్లోపే లూప్ వేయించుకునే వీలు కూడా ఉంది.

మనసు బాగోకపోతే దాన్ని గొడవగా లెక్కేయకండి. కాన్పయిన రెండు మూడు రోజులకి ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామందికి ఉంటాయి. రెండు వారాల్లో తగ్గిపోతాయి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా ఆవిడ నిద్రపోలేకపోతే, "నేను మంచి తల్లిని కాదు" అని పదేపదే అంటుంటే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. డాక్టర్‌కి చూపించండి, నయమయ్యేదే. చనిపోవాలనో, బిడ్డకి ఏదైనా చేస్తాననో అన్నా, లేనివి కనపడుతున్నాయని చెప్పినా ఆ గంటే ఆసుపత్రికి వెళ్ళండి, ఒంటరిగా వదలకండి. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. డిప్రెషన్ తండ్రులకీ వస్తుంది. మగవాళ్ళలో అది ఏడుపులా కాక కోపంలా, ఇంటికి రాకపోవడంలా కనపడుతుంది. రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఇవి ఫోన్లో తెలియవు. వారం వారం వెళ్ళమనడానికి ఇదీ ఒక కారణమే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. నేను రాసిందంతా ఒకరినొకరు గౌరవించుకునే ఇంటి గురించి. చేయి చేసుకోవడం, బెదిరింపులు ఉన్న ఇంట్లో పనులు పంచుకున్నంత మాత్రాన సరిపోదు. ఇది చదివే ఆడవాళ్ళలో ఎవరైనా ఆ స్థితిలో ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఇక శ్రీమంతం లోపు మీరిద్దరూ చేయాల్సింది. ఒక ఆదివారం ఫోన్లు పక్కన పెట్టి రెండు గంటలు కూర్చోండి. ఒకరికొకరు ఈ ప్రశ్నలు వేసుకోండి: నేను బాగా అలసిపోయినప్పుడు నాతో ఎలా ఉండాలి? మా నాన్న నన్ను పెంచినట్టు నేను పెంచకూడదనుకునేది ఏది? నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ సాగాలంటే బిడ్డకి జ్వరం వచ్చిన రోజు ఎవరు సెలవు పెడతారు? ఈ చివరిదానికి చాలా జంటలు ఇద్దరూ ఒకేసారి "నువ్వే" అనుకుని ఉంటారు, బయటికి మాత్రం అనరు. మీరు బయటికి అనండి. సమాధానం వెంటనే దొరక్కపోయినా పర్వాలేదు, ఎక్కడ తేడా ఉందో తెలుస్తుంది.

ఖమ్మం వెళ్ళాక రోజూ వీడియో కాల్‌లో బిడ్డని చూపించమని అడిగే ముందు ఆవిడ ముఖం చూడండి. తిన్నావా, ఎంతసేపు పడుకున్నావు, ఒళ్ళు ఎలా ఉంది అని ముందు ఆవిడని అడగండి. తర్వాతే బిడ్డ. వార్డులో ఉన్న రోజుల్లో నేను రోజూ చూసేదాన్ని: ఆసుపత్రికి వచ్చిన ప్రతి ఒక్కరూ నేరుగా ఉయ్యాల దగ్గరికే వెళ్తారు. కాన్పయిన మనిషి మంచం మీద అలా చూస్తూ ఉంటుంది. ఎవరైనా ముందు తన దగ్గరికి వస్తే ఆ ముఖంలో వచ్చే తేడా నాకు ఇప్పటికీ గుర్తే.

మీ అత్తగారు కొండాపూర్ వచ్చే వీలుందో లేదో అడిగి చూసి, ఏమన్నారో ఇక్కడే రాయండి. మీది రెండు బెడ్‌రూముల ఇల్లయితే పడకలు ఎలా సర్దుకోవాలి, ఆయా కోసం ఎప్పుడు వెతకడం మొదలుపెట్టాలి అన్నవి దాన్ని బట్టి చెప్తాను.